తిత్తులు తొక్కినదెవరు?

ముప్పయ్యేళ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. భేతాళుణ్ణి ఎన్నిసార్లు వర్ణించి చెప్పినా, పుస్తకం మూసిన తర్వాత అతడు బయట తిరుగుతాడని ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా అనను. జరిగినది మాత్రం రాస్తాను.

డెబ్బయ్యవ దశకం చివరి వేసవి. పుత్తూరుకు ఎడంగా, బస్సు దిగి రెండు గంటలు నడిస్తే వచ్చే గుట్ట కింద నల్లని చిట్టెపు దిబ్బ ఉండేది. పూర్వం ముడిరాయిని కరిగించి రాగి తీయగా మిగిలిన మడ్డి అది. నా మిత్రుడు కంచరి సుబ్బాచారి పూర్వులే ఆ కొలిమి నడిపారు. రోడ్డు కంకర కోసం దిబ్బను తవ్వబోతుంటే, ఆయన ఓవర్సీయరును వేడుకున్నాడు.

"ఆ రాళ్లలో రాగి కరిగించి సూపించు పెద్దాయనా, దిబ్బ జోలికి రాను" అని ఓవర్సీయరు నవ్వాడట.

సుబ్బాచారి ఏడాదిగా గుట్టమీద ఏరిన పచ్చని రాగి ముడిరాయి ఒకే ఒక్క గంప. రెండోసారికి లేదు.

కొలిమికి గాలి ఊదే తిత్తులు తొక్కవలసిన ఆయన తమ్ముడు చెంగయ్య, రాయి కరిగించే రోజు ఉదయమే బండమీద జారి మడమ విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టించడానికి పుత్తూరు తీసుకుపోయారు. చూడవచ్చిన నేనే తిత్తులెక్కాను. ఒక్కో కాలికింద ఒక్కో తోలుతిత్తి. ఒకటి అణిగితే రెండోదాన్ని వెదురుబద్ద పైకి లాగుతుంది.

వారికొక ఆచారముంది. రాయి కరిగేవరకు కొలిమి ముందు కూర్చున్నవాడు వెనుదిరిగి చూడడు. తిత్తులు అతని వెనుక, మట్టిగోడ కవతల.

"పద్యం సెప్పినంత సుళువు గాదు అయ్యోరా! గాలి తెగితే అంతా గడ్డ కట్టేస్తాది" అని గోడ కవతలినుంచి సుబ్బాచారి హెచ్చరించాడు.

మిట్టమధ్యాహ్నానికి పొగ తలకెక్కింది. గుక్కెడు నీళ్లు తాగి వద్దామని చెప్పకుండా దిగాను. చెబితే ఒప్పుకోడు. ఊట దగ్గర వాంతి అయింది. బండకు ఆనుకుని కళ్లు మూసుకున్నాను. అప్పుడు పక్కన నీడలో పెట్టిన చెంబు, నేను లేచేసరికి ఎండలో కాలిపోతున్నది.

తిత్తుల చప్పుడు ఆగలేదని అప్పుడు గమనించాను. ఒక అడుగు బరువుగా, ఒకటి తేలికగా.

చెంగయ్య వచ్చాడనుకున్నాను. విరిగిన మడమతో ఎలా తొక్కుతాడన్నది దారిలో తట్టింది. పరుగెత్తాను. గోడ మలుపు తిరగగానే చప్పుడు ఆగింది. అక్కడ ఎవరూ లేరు. వెదురుబద్దలింకా ఊగుతున్నాయి, ఒక తిత్తి మెల్లగా పైకి లేస్తున్నది. మరేమీ ఆలోచించక ఎక్కి తొక్కాను.

సాయంకాలం కొలిమి పగలగొడితే అరచేతిలో ఇమిడేంత రాగిముద్ద. ఓవర్సీయరు గోటితో గీకి చూశాడు. మాట తప్పలేదు.

సుబ్బాచారి నాకు చేతులు జోడించాడు. "నడుమ కాలు నొచ్చినట్టుండాదే అయ్యోరా? ఒక అడుగు బరువుగా, ఒగటి తేలిగ్గా ఇనిపించె. అయినా గాలి తెగనీలేదు సామీ మీరు!"

నేను కాదనలేదు. తొక్కినవాడికి తొలిముక్క ఇవ్వడం వారి ఆనవాయితీ. ఉలితో కోసి నా చేతిలో పెట్టాడు.

మర్నాడు పుత్తూరు వెళ్లి విచారించాను. చెంగయ్య మంచం దిగనే లేదట.

సుబ్బాచారి గతించాడు. నేను దిగి వెళ్లిన సంగతి ఆయనకు చెప్పనే లేదు. ఆ ముక్కను తిరిగి ఇచ్చివేయాలని రెండుసార్లు ఆ గుట్టకు వెళ్లాను. ఎవరికివ్వాలో తెలియక, రెండుసార్లూ జేబులో వేసుకుని తిరిగి వచ్చాను.