ఇవాళ రాజు ఏం తిన్నాడు?

గ్రీసులోని ఎపిదావ్రోస్ రాతి నాటకశాల గేటు దగ్గర చెప్పులు మార్చే మనిషి స్తమాతా. హీల్స్‌తో తొక్కితే రెండు వేల ఏళ్ల మెట్లు పెచ్చులు లేచిపోతాయని అక్కడి రూలు. ఏథెన్స్ బస్సులు దిగిన ఆడవాళ్లు హీల్స్ ఆమెకు అప్పగించి, ఆమె ఇచ్చే పల్చటి చెప్పులు తొడుక్కుని లోపలికి పోతారు. నాటకం ముగియగానే జనం ఒక్కుమ్మడిగా వచ్చి పడతారు కనక ఆమె గేటు వదలడానికి లేదు, అప్పగించిన చెప్పులు కంటికి దూరం కానివ్వడానికీ లేదు. ఇన్నేళ్లలో ఒక్క నాటకమూ చూడలేదు.

మొగుడు లాంబిస్ అక్కడే దిండ్లు అద్దెకిస్తాడు. జనం లేచాక ఏరుకోవాలి కాబట్టి పై వరసలో కూర్చుని అన్నీ చివరంటా చూస్తాడు. ఇంటికి నడుస్తూ కథ ఆమెకు చెప్తాడు.

పెళ్లయిన మొదటి వేసవిలో స్తమాతా తమ్ముడు యెరాసిమోస్ ఎక్కిన సరుకు ఓడ జాడ లేకుండా పోయింది. ఆ వారమే మొగుడి ఓడ కోసం కొండ మీద మంట వేయించిన రాణి నాటకం ఆడారు. "ఓడ వచ్చిందా?" అని ఆమె అడిగిన తీరుకు లాంబిస్ నోట నిజం పెగల్లేదు. వచ్చిందన్నాడు. రాజు దిగాడు, రాణి చిక్కుడు గింజల పులుసు వేడివేడిగా పెట్టింది, రాజు గిన్నె నాకేశాడు అన్నాడు. ఇంట్లో పొయ్యి మీద ఉన్నది ఆ పులుసే, ఆకలిగా ఉన్నవాడు తనే. కొన్నాళ్లకు యెరాసిమోస్ నిక్షేపంగా తిరిగొచ్చాడు.

వచ్చినవాడు మళ్లీ ఓడెక్కాడు. దాంతో లాంబిస్ ఇక కథల్లో ఎవర్నీ చంపలేకపోయాడు. తను ఇక్కడ ఒకణ్ణి చంపితే అక్కడ సముద్రంలో బావమరిదికేమవుతుందోనని భయం. అతని నోట్లో పడ్డాక విషం తాగినవాళ్లు కక్కేశారు, కత్తులు మొద్దుబారాయి, ఉరితాళ్లు తెగాయి, అందరూ చివరికి కూర్చుని పులుసు తిన్నారు. మరి ఆడవాళ్లు ఎర్రటి కళ్లతో బయటికొస్తారేమని స్తమాతా అడిగితే పైన్ చెట్ల పుప్పొడి అన్నాడు. అప్పట్నుంచి ఆమె చెప్పులతో పాటు తడిగుడ్డ కూడా అందించేది. వాళ్లుండే లిగురియో ఊరంతటికీ సంగతి తెలిసినా ఒక్కరూ ఆమె చెవిన వెయ్యలేదు. కాఫీ కొట్లో లాంబిస్ కనబడితే మాత్రం, "ఏం లాంబిస్, ఇవాళ రాజు ఏం తిన్నాడు?" అని ఆటపట్టించేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా స్తమాతా ఏదో వేళాకోళం అనుకునేది.

ఈ వేసవితో స్తమాతా పని చాలిస్తోంది. ఆ రాణి నాటకమే మళ్లీ వచ్చింది. ఓడ ఒడ్డుకు చేరడం ఒక్కసారైనా కళ్లారా చూడాలని ఆమె పట్టుబట్టింది. చెప్పులు కంటికి దూరం కాకూడదన్నదే కదా రూలు, అందుకని హీల్సన్నీ గోతంలో వేసి భుజాన ఎత్తుకుంది.

లాంబిస్ దారికి అడ్డం నిలబడ్డాడు. మోకాలు సహకరించదన్నాడు, పైన గాలి అన్నాడు, తేళ్లున్నాయన్నాడు.

"ముగింపు నేను చెప్తాను కదే."

"నువ్వు చెప్పింది విన్నాను. రాజు దిగుతుంటే ఆ రాణి మొహం ఎలా ఉంటుందో చూడాలి నాకు. తప్పుకో."

పై వరసలో మొగుడి పక్కన, గోతం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లాంబిస్ వేదిక చూడలేదు, భార్యనే చూస్తూ కూర్చున్నాడు. రాణి మంట వేయించింది. తర్వాత ఒగరుస్తూ ఒక మనిషి వచ్చి చెప్పాడు: ఆ మంటనే రేవు దీపమనుకుని ఓడ నేరుగా వచ్చి బండలకు కొట్టుకుంది, ఒక్కరూ మిగల్లేదు.

స్తమాతా చేతులు సడలాయి. గోతంలోంచి ఒక ఎర్ర చెప్పు జారి, టకటకమంటూ మెట్టు మెట్టూ దిగి రాణి కాళ్ల దగ్గర ఆగింది. వేలమంది జనంలో ఒక్కరూ కదల్లేదు. ఓడ పగిలిన చప్పుడు అంత సహజంగా ఇంకెప్పుడూ వినలేదని ఏథెన్స్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ముగియగానే ఆమె వెనకవైపు మేకల దారిన దిగి, జనం కంటే ముందే గేటు చేరింది. చెప్పులిచ్చింది, తడిగుడ్డలిచ్చింది, పుప్పొడి మాట మాత్రం ఎత్తలేదు. ఒకావిడ ఒంటి చెప్పుతో ఉండిపోయింది. లాంబిస్ రెండోది పట్టుకొచ్చి ఇచ్చి, ఆవిడ వెళ్లేదాకా నేలచూపులు చూశాడు.

"ఎన్నాళ్ల నుంచి?" అంది స్తమాతా.

"యెరాసిమోస్ ఓడ కనబడకుండా పోయినప్పట్నుంచి."

"అన్నీనా?"

"అన్నీ."

ఆ వారమంతా ఆమె అతనితో మాట్లాడలేదు. పులుసు మాత్రం రోజూ వండింది. యెరాసిమోస్ ఏనాడో సముద్రం వదిలేసి దగ్గర్లోని నఫ్ప్లియో ఊళ్లో మనవళ్లతో కాలక్షేపం చేస్తున్నాడు. బుధవారం నాడు బస్సెక్కి వెళ్లి వాణ్ణి చూసొచ్చింది.

ఆఖరి శనివారం మరో నాటకం. ఆమె పైకి వెళ్లలేదు, గేటు దగ్గరే కూర్చుంది. లోపలి నుంచి ఏడుపులు వినబడ్డాయి. జనం వెళ్లిపోయాక లాంబిస్ దిండ్ల కట్టతో వచ్చి నిలబడ్డాడు.

"ఇవాళ రాజు ఏం తిన్నాడు?" అంది స్తమాతా.

లాంబిస్ కట్ట దించి, తల గోక్కున్నాడు.

"చేప," అన్నాడు. "ఇవాళ చేప తిన్నాడు."