కొబ్బరి విత్తు గురించి ముందువాళ్ళు ఏమన్నారు

నేను ఉద్దానం కోడలిగా వచ్చిన మూడో ఏట మా మావయ్యగారికి చూపు పూర్తిగా పోయింది. ఆయన బతుకంతా ఇసుక నేలలో కొబ్బరి వేసిన మనిషి. చూపు పోయాక ఆయనకొక కోరిక పుట్టింది. కొబ్బరి పెంపకం మీద ఒక పుస్తకం రాయించాలని. ఇంట్లో చదువు వచ్చినవాళ్ళం ఇద్దరమే. నా భర్త పొద్దంతా తోటలోనే ఉండేవారు. అందుకని కలం నా చేతికి వచ్చింది.

కాగితాలు సర్దుకుని, "చెప్పండి మావయ్యా" అన్నాను.

"అప్పుడేనా?" అన్నారాయన. "నాకంటే ముందు ఎవులెవులు ఏటి రాసినారో ఇన్నాక కదమ్మా నాను సెప్పాల. ఆళ్ళు సెప్పిందే మళ్ళీ సెప్తే ఏటి లాభం?"

టెక్కలిలో ఒక కరణంగారింటి నుంచి, వజ్రపుకొత్తూరు వైపు రైతుల అటకల మీద నుంచి తాటాకు కట్టలు ఒక్కొక్కటే మా ఇంటికి చేరాయి. మొత్తం నాలుగు. అక్షరాలు తేలడానికి ఆకు మీద దీపపు మసి రాసి, గుడ్డతో తుడిచి చదివేదాన్ని. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కూర్చునేవాళ్ళం. దూరంగా సముద్రం హోరు. గాలి తిరిగినప్పుడు మొగలి పూల వాసన. మావయ్యగారు గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుని వినేవారు. చదువుతూ చదువుతూ నాకూ కునుకు పట్టేది. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించేది. ఆ ఆకులు రాసినవాళ్ళంతా వచ్చి అరుగు చివర తలలు వంచుకుని కూర్చున్నట్టు ఉండేది. కళ్ళు తెరిస్తే కొబ్బరి మట్టల నీడలు కదులుతూ ఉండేవి.

మూడు కట్టల్లో ఒక మాట ఒకేలా ఉంది. విత్తనపు కాయను నాటేముందు ఏడు దినాలు చేత నిమరవలెనని. మా ఊళ్ళో అందరూ అలాగే చేసేవారు. మా అత్తగారు సాయంత్రం పూట కాయలను వరసగా పెట్టుకుని, పసిపిల్లల తలలు నిమిరినట్టు నిమిరేవారు.

"ముగ్గురూ అదే అన్నారు మావయ్యా. నిజమే అయ్యుంటుంది" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "ముగ్గురు సెప్పినారని ముగ్గురు సాక్షులనుకోకు. ఒకడు సెప్పింది ఇద్దరు ఇన్నారేమో! ఆళ్ళ తప్పులు సూడు."

మూడు కట్టలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఎరువు గురించి చెప్పేచోట ఒకే మాట మూడింటిలోనూ ఒకేలా తప్పుగా ఉంది. ముగ్గురూ ఒకే పుస్తకం చూసి రాసుకున్నారన్నమాట. నాలుగో కట్ట పాతది, అంచులు పురుగు తిన్నది. అందులో నిమరమని లేదు. "ఏడు దినములు పాణిలో నుంచవలెను" అని ఉంది.

"పాణి అంటే చెయ్యే కదా" అన్నాను.

"సెయ్యి అన్లేక ఒక రైతు పాణి అని ఎందుకు రాత్తాడే?" అంటూ ఆయన ఆలోచనలో పడ్డారు.

ఆ క్షణాన నాకు మా పుట్టిల్లు గుర్తొచ్చింది. మాది ఇచ్ఛాపురం. మా ఇంట్లో సగం మాటలు తెలుగు, సగం ఒరియా. వేసవిలో ఆడి వచ్చి గుమ్మంలోంచే "పాణి, పాణి" అని కేకలేసేవాళ్ళం.

"మావయ్యా, మా వైపు పాణి అంటే నీళ్ళు" అన్నాను.

"నీకు తోసింది మంచిదే. అయినా ఎల్లి కళ్ళారా సూసి రా. సూడకుండా రాయొద్దు" అన్నారు.

పలాసలో రైలెక్కి పుట్టింటికి వెళ్ళాను. పక్క వీధిలో ఒక ఒరియా పెద్దాయన ఇంట్లో అలాంటి కట్ట ఉందని మా నాన్న కనుక్కున్నారు. ఆయన ఆకులు తిప్పి, వేలు పెట్టి చూపించారు. "సాత దిన పాణిరే రఖిబ." ఏడు రోజులు నీళ్ళలో ఉంచాలి. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటే తలచుకున్నాను. ఒరియా మాటను తెలుగుగా చదివేసరికి నీళ్ళు చెయ్యి అయ్యాయి. చేతిలో ఉంచడం నిమరడం అయింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. పొలాలు వెనక్కి జారిపోతూ ఉంటే నవ్వూ వచ్చింది, ఎందుకో కొంచెం దిగులూ వేసింది.

ఇక రాయడం మొదలుపెట్టాం. మొదటి పుస్తకంలో ఇలా ఉంది, రెండోదాంట్లో ఇలా ఉంది అని వరసగా రాసి వినిపించాను. మావయ్యగారు ఆవలించారు.

"ఒకడి తర్వాత ఒకడ్ని పిలిసి పంపేత్తన్నావు. అందర్నీ ఒకపాలి కూకోబెట్టు. నేల గురించి ఎవుడేటన్నాడు, నీరు గురించి ఎవుడేటన్నాడు, అడుగు. ఎక్కడ కలిసినారో, ఎక్కడ తగువాడినారో అది రాయి."

మళ్ళీ రాశాను. నేల, విత్తు, గొయ్యి, నీరు. అలా విడదీసి చూసేసరికి ఒక ఖాళీ కనిపించింది. మొదటి వేసవిలో ఉప్పుగాలికి లేత ఆకు మాడిపోతే ఏం చెయ్యాలో ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. ఆ మాట చెప్పగానే మావయ్యగారు నిటారుగా కూర్చున్నారు.

"అదీ! అది నాకు తెలుసును. నలభై ఏళ్ళు ఆ గాలితోనే తగువు. రాసుకో."

దడి ఏ దిక్కున కట్టాలి, ఎంత ఎత్తు కట్టాలి, ఎప్పుడు తీసెయ్యాలి, పది రోజులు చెప్పారు. చెప్పేటప్పుడు ఆయన ముఖం గాలి వచ్చే వైపు తిరిగి ఉండేది.

ఆ వానల్లో సగం కాయలు నానబెట్టి నాటించారు, సగం మామూలుగా. నానినవి ముందుగా మొలిచాయి. కొన్ని అసలు మొలవలేదు. అదీ దాచకుండా రాయించారు. నిమరమన్నవాళ్ళ గురించి నేనొక ఎత్తిపొడుపు మాట రాస్తే కొట్టేయించారు. "ఆళ్ళు దాసుంచబట్టే కదేటి మనకి దొరికింది" అన్నారు. చివర, ఏ కట్ట ఎవరింటి నుంచి వచ్చిందో వరసగా రాయించి, ఆగి, "ఒరియా మాట తెలిపింది మా కోడలు. అది కూడా రాయి" అన్నారు. ఆ ఇంట్లో నా పుట్టింటి భాష నాకు పనికొచ్చింది అదే మొదటిసారి.

రెండేళ్ళకు మావయ్యగారు పోయారు. తర్వాత డొంకూరు వైపు నుంచి ఒకాయన వచ్చి, రాసుకుని ఇస్తానని పుస్తకం అడిగారు. ఇచ్చాను. అది మళ్ళీ రాలేదు. ఏ అరుగు మీదో ఎవరో దాన్ని పైకి చదువుతూ ఉంటారని, వినేవాళ్ళకి కునుకు పడుతూ ఉంటుందని అనుకుంటూ ఉంటాను.