కొంకర్లు పోయిన చేతులు

లక్సెట్టిపేట వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె పేరు అడగలేదు. అప్పటికి నేను కొత్తగా చేరిన పంతులమ్మను. కండక్టర్ టికెట్ ఇస్తుంటే ఆమె వేళ్లు తెరుచుకోక, అది కింద పడింది.

"చేతులు లేవా?" అని కసిరి అతను వెనక సీట్లకు వెళ్లిపోయాడు.

నేను తీయబోతే, "నువ్వు తియ్యకు బిడ్డా," అంది. ముందు సీటు కడ్డీకి వేళ్లను ఒక్కొక్కటే ఆనించి, పళ్ల బిగువున సాగదీసుకుంది. బొటనవేలు లేవనేలేదు. నేను పట్టుకుని మెల్లగా వత్తాను.

"చిన్నప్పటి సంది బీడీలు చుడుతున్న. పొద్దూకేసరికి వేళ్లు గిట్లనే కొంకర్లు వోతయి. ఉప్పేసిన ఉడుకు నీళ్లల్ల పెడితే జర సడలుతయి. డాక్టరేమో నెల దినాలు పని చెయ్యకు అన్నడు. మరి మా ఇంట్ల పొయ్యి ఎవలు ముట్టియ్యాలె?"

నాకు ఒళ్లు మండింది. అంతలో కండక్టర్ బీడీ వెలిగించుకుని తిరిగొచ్చాడు. ఆమె లేచి రెండు చేతులూ అతని ముఖం ముందు పెట్టింది.

"నువ్వు తాగే బీడీ గీ చేతులే చుట్టినయి. చూస్కో!"

అతను వంగి, టికెట్ తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. బీడీ మాత్రం ఆర్పలేదు. బస్సులో ఎవరూ ఆర్పమనలేదు. అతని కంటే, నోరు మెదపని నా మీదే నాకు ఇప్పటికీ కోపం.