బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు, ఆళ్లగడ్డ మీదుగా

నంద్యాలలో మా నాయనకు పుస్తకాల అంగడి ఉంది. ప్రపంచ పటాలు కూడా అమ్ముతాడు. నాలుగు నెలల కిందట ఆళ్లగడ్డ నుంచి వీరాచారి అనే శిల్పి వచ్చి గోడకు తగిలించే పెద్ద పటం కొనుక్కుపోయాడు. కొలిమిగుండ్ల వైపు ఒక బడి వాళ్లు నల్లరాతి భూగోళం చేయమన్నారట. దాని మీద బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎక్కడా ఆగకుండా నడిచిన విమానం దారిని గీతగా చెక్కాలి, రెండు విమానాశ్రయాల మధ్య దూరం పక్కన రాయాలి. ఆ దూరం లెక్క కుదరడం లేదు, చదువుకునే పిల్లను పంపమని మొన్న ఫోన్ చేశాడు. డిగ్రీలో నాది భూగోళశాస్త్రం. పైగా ఫోన్‌లో విమానాల దారులు చూసినప్పుడల్లా నాకొక సందేహం: నేరుగా పోకుండా విల్లులా వంగి పోతాయెందుకు? ఎవరూ బతిమాలకుండానే బయలుదేరాను.

నంద్యాల బస్టాండు పక్కన ఉగ్గాని, బజ్జి తిని ఏడున్నరకు కడప వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడపిల్లను, ఆధార్ చూపించాను కాబట్టి నాకు టికెట్ ఉచితం. మగవాళ్లకు డెబ్బై రూపాయల దాకా అవుతుంది. శిరివెళ్ల దాటి గంటలో ఆళ్లగడ్డ చేరుకోవచ్చు. కిటికీలోంచి చూస్తే రోడ్డు తిన్నగానే ఉన్నట్టుంటుంది కానీ, ఎదురుగా ఉన్న నల్లమల కొండలు ఒకసారి ఎడమకు, ఒకసారి నడిమికి జరుగుతుంటాయి. తిన్నగా అనే మాటను ఆ గంటసేపూ నోట్లో చప్పరిస్తూ కూర్చున్నాను.

శిల్పుల వీధి దాకా ఆటోకు ముప్పై రూపాయలు. దేవుడి బొమ్మ కోసమా, నాయకుడి బొమ్మ కోసమా అని ఆటో అన్న అడిగాడు. భూమి కోసం అన్నాను.

"భూమికీ బొమ్మ కొడ్తాండారా? ఎన్ని సెంట్లు?" అన్నాడు నవ్వకుండా.

పందిరి కింద, ఇసుక బస్తాల మీద మూడడుగుల నల్లటి గుండు కూర్చుని ఉంది. పటం మీదా రాయి మీదా అడ్డంగా, నిలువుగా గళ్లు గీసి, ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి దింపాడు వీరాచారి మామ. వాళ్లు విగ్రహాలను పెద్దవి చేసే పద్ధతి అదేనట. ఊళ్లు, సముద్రాలు అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఎర్రటి జాజు నీళ్లలో ముంచిన నూలుతాడు బెంగళూరు నుంచి అరేబియా, సహారా, అట్లాంటిక్ మీదుగా అమెరికా అవతలి ఒడ్డుకు చేరింది. దాని పొడవునా మైనం ముద్దలు అంటించి ఉన్నాయి. సాయంత్రానికి లారీ వస్తుందనీ, ఆలోపు గీత కొట్టాలనీ చెప్పి, మామ తన లెక్క వినిపించాడు. రాయి చుట్టూ తాడు తిప్పితే నలభై వేల కిలోమీటర్లు. తన గీత అందులో సగం. అంటే ఇరవై వేలు.

నా ఫోన్ పద్నాలుగు వేలు చూపిస్తోంది.

"ఇద్దుర్లో ఒకరిది తప్పు," అని మామ ఉలి చేతికి తీసుకున్నాడు. "పోనీ, గీత నాది ఉండనీ. నంబరు నీది ఏస్తా. ఎవరు కొలుస్తారు పాపా?"

"బడి పిల్లోళ్లు కొలుస్తారు మామా. తాడు నీకాడ మాత్రమే ఉంటుందా?"

ఆయన సుత్తి ఎత్తలేదు, ఉలి దించలేదు. మూడు నెలల పని అది. రాయి మీద గీత పడితే ఇక చెరిపేది లేదు. తప్పెక్కడుందో నాకూ తెలియదు. ఏదో ఒకటి అడగాలని, మైనం ఎందుకు పెట్టావని అడిగాను.

"ఏం చేద్దును? గట్టిగా లాగితే చాలు, పైకే జారతాండాది పాడు తాడు."

పైకి అంటే ఎక్కడికి? ఒక్కసారి మైనం తీసి చూద్దామన్నాను. ఆయన విసుక్కుంటూనే ముద్దలన్నీ గిల్లేశాడు. బెంగళూరు మీద నా వేలు, శాన్‌ఫ్రాన్సిస్కో మీద ఆయన వేలు. మామ తాడు బిగించాడు. అది సహారాను వదిలింది, ఐరోపాను దాటింది, ఉత్తర ధ్రువం మీదుగా అవతలికి జారి, సైబీరియా మంచు మీద ఆగింది. ఇక ఎంత లాగినా కదల్లేదు. మామ చేతిలో మూరెడు తాడు మిగిలిపోయింది. కొలిస్తే చుట్టుకొలతలో మూడో వంతు, ఇంకొంచెం. పద్నాలుగు వేలే.

మామ ఆ మూరెడు తాడును వేలికి చుట్టుకున్నాడు. "ఈ మూరలో ఆరు వేల కిలోమీటర్లా? మరి నీ నాయన పటం తప్పా ఏందీ?"

పటం తప్పు కాదని, గుండ్రటి భూమిని కాగితం మీద పరిచేసరికి ఊళ్ల మధ్య దారి రూపం మారిపోయిందని నాకు తోచినట్టు చెప్పాను. చెబుతుంటేనే నా సందేహం కూడా విడిపోయింది. పటం మీద విల్లులా కనిపించేదే నిజానికి బిగించిన తాడు. గాలిని బట్టి విమానాలు కాస్త అటూ ఇటూ జరుగుతాయి కానీ, దారికి మూలం అదే.

తడి గోనెపట్టతో పాత గీత తుడిచి మామ మళ్లీ జాజు అద్దాడు. మొదటి దెబ్బ బెంగళూరు దగ్గర పడింది. అత్త పెట్టిన జొన్నరొట్టె, పప్పు తిని వచ్చేసరికి గీత హిమాలయాలు దాటింది. లారీ వచ్చేటప్పటికి పసిఫిక్ ఒడ్డున ఉంది. పక్కన సుమారు 14,000 కి.మీ. అని చెక్కాడు. "సుమారు" నా మాట. రాయి మీద పడిన నా మొదటి మాట.

తిరుగు బస్సులోంచి ఫోన్ చేసి అంతా చెబితే నాయన, "ఇంగ పటం కొన్నోళ్లకంతా తాడు గూడా ఇయ్యాల్నా?" అన్నాడు. తిన్నగా అంటే ఏమిటో నాకు తెలుసనుకునే పొద్దున బస్సెక్కాను. కాగితం మీదా గుండు మీదా, దేని మీద నడుస్తున్నామో చెప్పకపోతే ఆ మాటకు అర్థమే లేదని తిరుగు బస్సులో అనిపించింది. ఇప్పుడు అంగడిలో పటాల పక్కన మేకుకు ఎర్రతాడు ఒకటి వేలాడుతోంది. మామ తెంపి ఇచ్చిన ఆ మూరెడే అది.

మీరు వెళ్తే ఒక్క జాగ్రత్త: శిల్పుల వీధికి పొద్దున్నే వెళ్లండి, కానీ ఉలి మీద సుత్తి ఆడుతున్నంతసేపూ ఎవరినీ పలకరించకండి. చప్పుడు ఆగాక అడగండి. రాయి మీద ఇంకా పడని గీత గురించైతే, వాళ్లు ఎంతసేపైనా మాట్లాడతారు.