పసుపు ముద్ద కింద గ్యారంటీ

ఆ రోజుల్లో పొద్దున్నే నేను దణ్ణం పెట్టుకున్నది దేవుడి పటానికి కాదు, కారు బానెట్ కింద ఉన్న ఒక పసుపు ముద్దకి. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. (డైరీలోనూ రాయలేదు. అమ్మ దుమ్ము దులిపే నెపంతో అది తీసి చదివేది.) మా జగ్గయ్యపేట నుంచి నందిగామ కాలేజీకి బస్సులో పోవాలి. బస్సెక్కాలంటే నలుగురినీ తోసుకోవాలి. నాకేమో నలుగురిలో నిలబడటమే ఎక్కువ. "మీరెక్కండి, పర్లేదు, మీరెక్కండి" అంటూ అందర్నీ ఎక్కించేదాన్ని. ఈలోగా బస్సు వెళ్ళిపోయేది. బస్టాండు బల్ల మీద నవల చదువుకుని మెల్లగా ఇంటికొచ్చేదాన్ని. ఇలా ఎన్ని నవలలు పూర్తయ్యాయో గానీ, కాలేజీలో హాజరు మాత్రం అడుగంటింది. ఇంకొన్నాళ్ళిలాగే అయితే పరీక్షకి కూర్చోనిచ్చేది లేదని లెక్చరర్ గారు నాన్నని పిలిచి చెప్పారు. పరీక్ష రాయని చదువెందుకు, మాన్పిస్తానన్నాడు నాన్న. నేను దొడ్లోకి వెళ్ళి బావిగట్టు మీద కూర్చుని ఏడ్చాను, ఎవరికీ వినపడకుండా.

అప్పుడు అడ్డం పడ్డది మా బాబాయ్. "నేను దింపుతాలే అన్నయ్యా, కొత్త కారుందిగా" అన్నాడు. బాబాయ్ విప్పని వస్తువు లేదు, ఆయన విప్పాక మళ్ళీ పనిచేసిన వస్తువూ లేదు. రేడియో, గోడగడియారం, పొలంలో పంపు మోటారు వరసగా ఆయన చేతిలోనే కన్నుమూశాయి. అలాంటి తమ్ముడికి అద్దెకి తిప్పుకోమని నాన్న కారు కొనిచ్చాడంటే, అది తమ్ముడి మీద నమ్మకంతో కాదు, కంపెనీ గ్యారంటీ మీద నమ్మకంతో. ఇంజను కుదురుకునేదాకా వేగం పెరక్కుండా, కార్బురేటర్ దగ్గరొక స్క్రూకి సన్నటి తీగ చుట్టి, కొసన సీసపు బిళ్ళతో సీలు వేసి పంపారు కంపెనీ వాళ్ళు. అది తెగితే గ్యారంటీ చెల్లదు. "ఒరేయ్, ఆ సీలు తెగిందని తెలిసిందో, మర్నాడే కారు అమ్మేస్తా. ఇక అమ్మాయి కాలేజీ కూడా అంతటితో సరి" అని నాన్న ముందే చెప్పేశాడు.

బాబాయ్ పొద్దున్నే సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసరొకాయన్ని దింపొచ్చి, అప్పుడు నన్నెక్కించుకునేవాడు. ఆ సీలున్న కారు ఎంత తొక్కినా నింపాదిగానే నడిచేది. రాళ్ళ లారీలు మమ్మల్ని దాటిపోయేవి. నేనెక్కలేకపోయిన బస్సు కూడా దాటిపోయేది. అందులోంచి మా క్లాసు పిల్లలు చేతులూపేవాళ్ళు, నేను సీట్లోకి ఒదిగిపోయేదాన్ని. ఒకరోజు లారీ క్లీనరొకడు తల బయటపెట్టి "ఏం డ్రైవరన్నా, దిగి తొయ్యమంటావా?" అని అరిచిపోయాడు. బాబాయ్ మొహం జేవురించింది. "అమ్మడూ, ఇది కారు కాదే, ఎడ్లు లేని బండి" అన్నాడు. ఆ సాయంత్రం కారు తుమ్మచెట్టు కింద ఆపి, బానెట్ ఎత్తి, కటింగ్ ప్లయర్ తీశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. టిక్కుమంది.

స్క్రూ తిప్పగానే కారుకి నిజంగానే ప్రాణం వచ్చింది. ఆ సంబరం ఇల్లు చేరేదాకానే. తెగిన తీగని బంకతో అతికించి చూశాడు, దారంతో కట్టి చూశాడు. ఏం చేసినా తెగినట్టే ఉంది. చివరికి నన్ను తోడు తీసుకుని వేదాద్రి గుడికి బయల్దేరాడు.

"కొన్నప్పుడే వాహన పూజ చేయించావు కదయ్యా?" అన్నారు పూజారి గారు.

"అప్పుడు పైపైన చేశారండి. ఇంజను లోపల చెయ్యలా. పాపం, కష్టపడేది అదేగా!"

పూజారి గారు ఆ మాటకి కరిగిపోయి ప్రతి గొట్టానికీ బొట్టు పెట్టారు. కొబ్బరికాయ ఇంజను మీదే కొట్టబోతే బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇదిగో, ఇక్కడ మాత్రం కాస్త దండిగానండీ" అని సీలు చోటు చూపించాడు. అక్కడ నిమ్మకాయంత పసుపు ముద్ద, దాని చుట్టూ కంకణం. బ్రహ్మదేవుడు దిగొచ్చినా కింద సీలుందో లేదో చెప్పలేడు.

మర్నాడు మొదటి గంట కొట్టకముందే క్లాసులో ఉన్నాను. లెక్చరర్ గారు నా పేరు పిలిచారు. "ప్రెజెంట్ సార్" అన్నాను. అన్నానని నాకు తెలుసు, నా పెదాలకి తెలుసు. ఆయనకి మాత్రం తెలీలేదు. ఆబ్సెంటు పడింది! ఆ మర్నాడూ అంతే. ఇంట్లో ఈ సంగతి చెబితే నాన్న అన్నం ముందే తలపట్టుకున్నాడు. బాబాయ్ నన్ను పక్కకి పిలిచి "కారుకంటే స్క్రూ తిప్పా. నీకెక్కడ తిప్పమంటావే?" అన్నాడు దీనంగా.

సర్వీసు రోజు రానే వచ్చింది. నాన్న కూడా విజయవాడ బయల్దేరాడు. వాళ్ళిద్దరి మధ్యా గొడవైతే ఆపడానికన్నట్టు నన్నూ ఎక్కించింది అమ్మ. (నేను ఆపడం!) సర్వీసు ఇంజనీరు గారు నెరిసిన మీసాల పెద్దమనిషి. బానెట్ ఎత్తి, కళ్ళజోడు సర్దుకుని, "సీలేదీ?" అంటూ పసుపు ముద్ద వైపు వేలు పోనిచ్చారు. నాన్న వంగి చూస్తున్నాడు. ఎప్పుడూ గలగలమనే బాబాయ్ నా వెనక్కి జరిగాడు. ఆ వేలు కంకణానికి తగలబోతుంటే నా కాలేజీ కళ్ళముందే కరిగిపోతున్నట్టనిపించింది.

"ముట్టుకోకండి!"

షెడ్డంతా తిరిగి చూసింది. అరిచింది ఎవరా అని నేను కూడా వెనక్కి తిరిగాను. "అది వేదాద్రి స్వామి దగ్గర కట్టించిన కంకణమండీ. నేను పరీక్ష పాసయ్యేదాకా విప్పకూడదు. మొక్కు!" మాట ఎక్కణ్ణించి వచ్చిందో నాకిప్పటికీ తెలీదు. ఇంజనీరు గారు వేలు వెనక్కి తీసుకున్నారు. నన్ను చూశారు, చెమటలు కక్కుతున్న బాబాయ్‌ని చూశారు. మీసాల్లోనే నవ్వుకున్నారు. "ఇవాళ ఆ సీలు తీసెయ్యాల్సింది మేమేనమ్మా. మొదటి సర్వీసుకి తీసేస్తాం. స్వామివారే తీసేసుకున్నట్టున్నారు, మాకు పని తప్పింది. గ్యారంటీకేం ఢోకా లేదు, బాగా చదువుకో" అన్నారు. వాళ్ళే తీసేసే సీలు కోసమా ఇన్నాళ్ళూ పసుపు ముద్దకి దణ్ణాలు పెట్టుకున్నానని ఏడవాలో నవ్వాలో తెలీలేదు.

ఇప్పుడు నేను ఆడపిల్లల బళ్ళో పాఠాలు చెబుతున్నాను. పేర్లు పిలిచేటప్పుడు వెనక బల్లలో ఎవరో ఒక పిల్ల పెదాలు మాత్రమే కదుపుతుంది. నేను కలం ఎత్తి పెట్టుకుని, ఆ పిల్లకి గొంతు వచ్చేదాకా ఆగుతాను. ఆ కాస్సేపూ నాకు పసుపు వాసన, పెట్రోలు వాసన కలిసి వస్తాయి.

 ఆరోజు విజయవాడ నుంచి వచ్చి ఇంటి ముందు దిగాక బాబాయ్ లోపలికి జారుకున్నాడు. నాన్న తనే బానెట్ ఎత్తి, ఆ పసుపు ముద్దని కాసేపు చూసి, చప్పుడు కాకుండా దించాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. నా తలమీద చెయ్యి వేసి అన్నాడు:

"సీసం ముక్క పోతే పోయిందిలే. రేపు పేరు పిలిచినప్పుడు కూడా ఇట్టాగే అరిచి చెప్పమ్మా."