మినుములు చల్లే రోజు చెప్పిన పిన్ని

సోమవారం. పాలు తోడుపెట్టాను. మినప్పప్పు రుబ్బాను. దుప్పట్లు నానబెట్టాను. నాలుగో పని మొదలుపెట్టేలోపే బందరు ఆస్పత్రి నుంచి బాబాయిగారి ఫోన్. “అమ్మాయ్, మీ పిన్ని ఇక లేదమ్మా.” ఆ రోజంతా దుప్పట్లు బకెట్లోనే ఉండిపోయాయి.

ఆమె మా పక్కింటి పిన్ని. బంధుత్వం లేదు. గుడ్లవల్లేరు దగ్గరున్న ఈ ఊరికి నేను కోడలిగా వచ్చినప్పటి నుంచీ పిన్నే. బాబాయిగారు గుడివాడలో రైసుమిల్లు గుమస్తా. పొద్దున బస్సెక్కితే చీకటి పడ్డాకే ఇంటికి రావడం. రెండెకరాల చేను, నారు పోసిన దగ్గర్నుంచి ధాన్యం ఇంటికి చేరేదాకా పిన్నిదే. అయినా ఊళ్లో రైతు అంటే బాబాయిగారే. ఎరువుల కొట్టాయన కూడా బస్తా ఆమెకే ఇచ్చి, “రైతుగారిని అడిగానని చెప్పండి” అనేవాడు.

మా వైపు వరి కోతకు ముందే, పైరు నిలబడి ఉండగానే చేలో మినుములు చల్లుతారు. ఏ రోజు చల్లాలన్నదే కష్టం. పిన్ని చేలోకి దిగి మడమతో నొక్కేది. ఆ గుంటలో నీరు ఊరితే గింజ కుళ్లిపోతుంది. మడమ దిగకపోతే మొలకే రాదు. ఆమె వంగి చూస్తుంటే పక్క చేల మగవాళ్లు గట్టు మీద ఆగేవారు.

“వదినా, రేపు చల్లెయ్యమంటావా?”

“చల్లు, కప్పలకి విందు పెట్టినట్టుంటుంది. ఎల్లుండి దాకా ఆగలేవా?”

ఆగేవారు. పంట చేతికొచ్చాక మాత్రం అరుగు మీద కూర్చుని తమ అంచనా ఎంత సరిగ్గా కుదిరిందో చెప్పుకునేవారు.

“వింటున్నావా పిన్నీ?” అంటే, “చెప్పుకోనీ. అరుగు మీద కూర్చుంటే నడుం నొప్పి రాదుగా” అని నవ్వేది. ఒక్కసారి మాత్రం నవ్వలేదు. “మీ బాబాయి ఒక్క మాటంటే చాలే, ఈ పంట నీదే అని.” చేటలో మినుములు చెరగడం ఆపకుండానే అంది.

కాపురానికి వచ్చిన కొత్తలో నన్నూ చేలోకి దింపింది. “చెప్పులు గట్టు మీద పెట్టు. పట్టీలు కూడా తియ్యి, బురద నీ పెళ్లి నగలు చూడదు.” నా పెరట్లో కాసే ప్రతి పాదూ ఆమె నేర్పిన పనే.

మూడో రోజు బాబాయిగారు మరణ నమోదు కాగితం తెచ్చారు. ఊళ్లో ఆడవాళ్ల దరఖాస్తులన్నీ నేనే నింపుతాను. పేరు రాశాను, వయసు రాశాను. వృత్తి దగ్గర చెయ్యి ఆగలేదు. ‘గృహిణి’ అని రాసేశాను. అందరికీ రాసేదే.

బాబాయిగారు వంగి చూశారు. “అది కొట్టెయ్యమ్మా.”

“మరేం రాయను బాబాయిగారూ?”

“రైతు” అన్నారు.

ఇన్నేళ్లు ఆమెను చేలో చూస్తూ కూడా ఆ మాట నా చేతికి రాలేదు. కొట్టేసి రాశాను. తల ఎత్తలేకపోయాను.

“చదువు.”

చదివాను.

“గట్టిగా చదువమ్మా.”

పిన్ని పేరు, పక్కన ‘రైతు’ అని గట్టిగా చదివాను. వాకిట్లో పరామర్శకు వచ్చి కూర్చున్న పక్క చేల మగవాళ్లు మాటలు ఆపేశారు. బాబాయిగారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“ఇంకోసారి” అన్నారు.