ఆరిందా బావ

బావకు లోకంలో ఉన్నది ఒకటే ప్రశ్న: "ఆరిందా?"

ఎదురుపడిన మనిషిని ఎవరైనా బాగున్నావా అని అడుగుతారు, తిన్నావా అని అడుగుతారు. బావ ముందు ఆ మనిషి కాళ్ళ వంక చూస్తాడు, తరవాత చేతిలోని గాలాల సంచి వంక చూస్తాడు, అప్పుడు అడుగుతాడు. బూటు ఆరిందా, వల ఆరిందా, టోపీ ఆరిందా. చేపలు పట్టేవాళ్ళ సంఘంలో అందరూ ఆయన్ని చాటుగా 'ఆరిందా' అనే పిలిచేవారు. అన్నీ తనకే తెలిసినట్టు మాట్లాడేవాళ్ళని అనే మాటా అదే గనక ఒక్క పేరుతో రెండు తిట్లూ సరిపోయేవి.

ఆ ప్రశ్నకు అందరికంటే ఎక్కువ బలైపోయినవాడు ఆయన బావమరిది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. వారమంతా ఇరుకు గుంతల్లో, గ్రీజు వాసనలో, రెండంతస్తుల మధ్య చిక్కుకుపోయినవాళ్ళ కేకలు వింటూ గడిపేవాడు. ఆదివారం తెల్లవారేసరికి కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు. ఎగువ వాగులో మోకాటిలోతు నీళ్ళలో నిలబడి, ఈకలూ దారమూ చుట్టి అచ్చం ఈగలా చేసిన గాలాన్ని నీటిమీద వాలేలా విసిరితే తప్ప ప్రాణం కుదుటపడేది కాదు. పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలోకే వదిలేసేవాడు. అతనికి కావలసింది చేప కాదు, ఆ విసురు.

కాని వాగుకూ అతనికీ నడుమ వంతెన ఉంది. వంతెన మీద బావ ఉన్నాడు.

"బూటు అడుగు చూపించు."

"నిన్ననే కడిగాను బావా."

"కడగడం వేరు, ఆరడం వేరు."

బావకు కళ్ళజోళ్ళ దుకాణం. అద్దాల మీద గీతలు వెతికే భూతద్దం ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. దాన్ని కంటికి ఆనించి బూటు అడుగున ఉన్న చాళ్ళు ఒక్కొక్కటే చూసేవాడు.

"ఇదేమిటి?"

"ఇసుక."

"ఇసుకకి కొమ్ములుంటాయా?"

బావమరిది అద్దం లాక్కుని చూశాడు. "కొమ్ములేవీ లేవే."

"ఈసారికి లేవు," అన్నాడు బావ కాస్త నిరాశగా.

ఆయన బెంగ ఊరికే పుట్టింది కాదు. ఊరికి దిగువనున్న సరస్సులోకి కొన్నేళ్ళ కిందట ఎక్కడిదో ఒక నత్త చేరింది. బియ్యపుగింజంత ఉంటుంది. ఎవరి బూటు పగుల్లోనో దాక్కుని వచ్చి ఉండాలి. దానికి పెళ్ళీ పెటాకులూ అక్కర్లేదు, జత అసలే అక్కర్లేదు. ఒంటరిగా వస్తుంది, తనంతట తనే పిల్లల్ని పెడుతుంది. చూస్తుండగానే సరస్సు అడుగంతా నత్తమయం అయింది. రాళ్ళమీది నాచంతా అవే మేసేశాయి. నాచు తిని బతికే పురుగులు పోయాయి, పురుగుల్ని తినే చేపలు చిక్కి పుల్లలయ్యాయి. ఎగువ వాగులోకి మాత్రం ఇంకా రాలేదు. సంఘంలో సగంమంది శనివారం సరస్సులోనూ ఆదివారం వాగులోనూ గాలం వేసేవాళ్ళే. తడి ఆరని బూటు నత్తకు పల్లకీ. ఆ పల్లకీ ఎవరు మోస్తారోనని బావకు కంటిమీద కునుకు ఉండేది కాదు.

గడ్డకట్టేంత చలిలో ఉంచితే నత్త చచ్చిపోతుందని తెలిసిన రోజున బావ తన బూట్లు పట్టుకెళ్ళి ఫ్రిజ్‌లో ఐసు అరలో పెట్టాడు.

"ఇంటికి ఎవరో ఆవిడ వచ్చి చల్లటి నీళ్ళడిగితే ఐసు కోసం తలుపు తీశాను," అంది అక్క, తమ్ముడు వచ్చీ రాగానే. "ఐసు ముక్కలు మీ బావ బూటుకి అంటుకుపోయి ఉన్నాయి."

"శుభ్రంగా కడిగిన బూటే," అన్నాడు బావ.

"ఆ సంగతి ఆవిడకి ఎలా చెప్పమంటారు? మీ గ్లాసులో ఉన్నది కడిగిన బూటు ఐసేనండీ అని చెప్పనా?"

ఇంకోసారి, ఛాతీదాకా వచ్చే రబ్బరు పంట్లాన్ని బావ వరండాలో తలకిందులుగా వేలాడదీశాడు. చెమ్మ లోపల నిలవకుండా పాత గుడ్డలు కూరి మనిషిలా ఉబ్బించాడు. మర్నాడు పొద్దున పోలీసాయన తలుపు తట్టాడు.

"మీ ఇంట్లో ఎవర్నో తలకిందులుగా కట్టేశారని ఫోనొచ్చింది."

బావ వరండాలోకి తీసుకెళ్ళి చూపించాడు. పోలీసాయన పంట్లాం వంక చూశాడు. బావ పోలీసాయన కాళ్ళ వంక చూశాడు.

"వాగు దారిన వచ్చారా?"

"అవును. అడ్డదారి కదా."

"ఆరాయా?"

పోలీసాయన బూట్లు చేత పట్టుకుని మేజోళ్ళతో మెట్లు దిగాడని ఎదురింటావిడ ఇప్పటికీ చెబుతుంది.

ఇక ఇంజను తాత సంగతి. రైలింజన్లు నడిపి రిటైరైన మనిషి, సంఘంలో అందరికంటే పెద్దవాడు. వయసు ఒంటికి వచ్చిందిగాని రోషానికి రాలేదు. శనివారం సాయంత్రం ఆయన సరస్సు నుంచి కళ్ళజోళ్ళ దుకాణం ముందుగా ఇంటికెళుతుంటే బావ కాపు కాసేవాడు.

"తాతగారూ, ఆ సంచి ఇటివ్వండి."

"ఎందుకివ్వాలి?"

"మురికి. జప్తు చేస్తున్నాను."

"నువ్వెవరయ్యా జప్తు చేయడానికి?"

అంటూనే బూట్లూ రీలూ ఈగ గాలాల పెట్టె సహా మొత్తం సంచి కౌంటరు మీద పడేసి వెళ్ళేవాడు. మర్నాడు పొద్దున వంతెన దగ్గర బావ దాన్ని తిరిగిచ్చేవాడు. మిగతావాళ్ళ బూట్లతోనే సరిపెట్టే బావ, పెద్దాయన మీద మాత్రం ప్రతివారం ఇలా విరుచుకుపడటం చూసి బావమరిదికి ఒళ్ళు మండేది.

వానలు వెలిసి వాగులో గాలాలకు మళ్ళీ అనుమతి వచ్చిన మొదటి ఆదివారం ఆ మంట అంటుకుంది. ఆ రోజు కోసం అతను నెలల తరబడి లిఫ్టు గుంతల్లో కలలు కన్నాడు. వంతెన కింద చేపలు నీటిమీదకు ఎగిరెగిరి ఈగల్ని అందుకుంటున్నాయి. బావ అతని బూట్లు రెండూ పరీక్షించి, పక్కన పెట్టేశాడు.

"తాడు చెమ్మగా ఉంది."

"తాడా?"

"బూటు తాడు. పిండితే నీళ్ళొస్తాయి, చూడు."

బావమరిది ఆ పూటంతా మేజోళ్ళతో వంతెన మీద అటూ ఇటూ తిరిగాడు. మధ్యాహ్నానికి తిరగడం మానేసి సంఘం అధ్యక్షురాలి దగ్గరికి పోయాడు. ఆవిడ పళ్ళ డాక్టరు.

"నోరు తెరిచి చెప్పండి," అంది అలవాటుగా.

చెప్పాడు. బావ పెత్తనం ఆపించాలన్నాడు. మంచిదే, శనివారం సాయంత్రం అందరినీ పిలుస్తాను, మీరే లేచి మాట్లాడండి అందావిడ.

శనివారం వచ్చింది. వెనకనుంచి పొడిచాడనిపించుకోవడం ఇష్టంలేక, ఆ సంగతేదో ముందు బావతోనే తేల్చుకుందామని బావమరిది దుకాణానికి వెళ్ళాడు. దారిపొడవునా అనవలసిన మాటలు నెమరువేసుకుంటూనే ఉన్నాడు. కౌంటరు దగ్గర ఎవరూ లేరు. నేరుగా వెనక గదిలోకి నడిచాడు.

కడగడం ఎప్పుడో అయిపోయింది. తాత బూట్లు ఫ్యాను కింద ఉన్నాయి. బావ దీపం కింద బల్లకు అతుక్కుపోయి, కంటికి భూతద్దం పెట్టుకుని, తాత పెట్టెలోని ఈగల్ని ఒక్కొక్కటే తీసి, గాలం తలకున్న సూది బెజ్జమంత కన్నంలోకి వెంట్రుకలాంటి దారం ఎక్కిస్తున్నాడు. ముడి వేసి, రెండో కొసన, పెద్ద దారానికి తేలిగ్గా తగిలించుకునేలా ఉంగరంలాంటి ఉచ్చు వదిలి, బెండు ముక్కకి చుట్టి పెడుతున్నాడు. పక్కన అలాంటివి చాలా ఉన్నాయి.

"ఏం చేస్తున్నావు బావా?"

"కడుగుతున్నా."

"నీళ్ళేవి?"

బావ భూతద్దం దించాడు. "తలుపు దగ్గరికి వెయ్యి," అన్నాడు.

బావమరిది వేసి, నిలబడ్డాడు.

"పోయినేడు కళ్ళజోడు మార్చమని వచ్చాడు తాత. కంటి డాక్టరుకీ చూపించాం. దూరం బాగానే ఆనుతుంది. దగ్గరిది ఇంక ఇంతే అన్నారు. దానికి తోడు చేతులు వణుకు. ఓ ఆదివారం వాగు ఒడ్డున రాయిమీద కూచుని దారం ఎక్కించబోతున్నాడు. ఎక్కదే. ఎంతసేపటికీ ఎక్కలేదు. లేచి, ఇవాళ చేపలు లేవర్రా అని ఇంటికెళ్ళిపోయాడు. చేపలు ఆయన కాళ్ళ దగ్గరే ఎగురుతున్నాయి."

"నేనెక్కిస్తానని అడగొచ్చుగా."

"అడిగాను. అంత పొడుగు రైలుని చీకట్లో నడిపినవాణ్ణి, నాకు నువ్వు దారం ఎక్కిస్తావా అన్నాడు. అప్పట్నుంచి అడగడం మానేసి జప్తు చేయడం మొదలెట్టాను."

బావమరిది బెండు ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని చూశాడు. "మరి మా బూట్ల వెంట పడతావెందుకు?"

"ఒక్క ఆయన వెంటే పడితే అనుమానపడడూ?"

"అయితే నత్త సంగతంతా అబద్ధమా?"

"నత్త ముమ్మాటికీ నిజం. ఈ సరస్సుని చూస్తున్నావుగా, ఆ వాగూ అలా అయితే తాతకి ఈగ కట్టి ఏం లాభం?" బావ మళ్ళీ దీపం కిందికి వంగాడు. "నీ బూటు తాడు కూడా నిజంగానే తడిగా ఉంది."

సమావేశంలో డాక్టరమ్మ గొంతు సవరించుకుని, ఫిర్యాదు ఉన్నవాళ్ళు లేవండి అంది. బావమరిది లేచాడు. ముందు వరసలో ఇంజను తాత కర్ర మీద గడ్డం ఆనించి కూచున్నాడు.

"చెప్పవయ్యా, భయమెందుకు," అన్నాడు తాత. "నా సామాను కూడా ఇవాళే లాక్కున్నాడు. అదీ చెప్పు."

బావమరిది నుదురు తుడుచుకున్నాడు. కుర్చీ వీపు పట్టుకున్నాడు, వదిలాడు, మళ్ళీ పట్టుకున్నాడు.

"మా బావ చేసే తనిఖీ ఏమీ బాగాలేదు," అన్నాడు.

"బాగా చెప్పావు," అన్నారు వెనకనుంచి.

"ఒక్కడే కావడంతో సరిగా చూడలేకపోతున్నాడు. ఇంకా గట్టిగా చూడాలి. తాళ్ళు కూడా."

వెనక గొంతే మళ్ళీ లేచింది. "నువ్వేగా ఆపించాలని ఈ సమావేశం పెట్టించావు?"

"అవును. ఒక్కడే చేయడం ఆపించాలన్నాను."

"చాలా సంతోషం," అంది డాక్టరమ్మ. "రెండో మనిషి మీరే. రేపట్నుంచి బ్రష్షు పట్టుకోండి."

బావ గోడవైపు తిరిగి దగ్గాడు. నవ్వో దగ్గో తెలియలేదు.

ఆ తరవాతి శనివారం దుకాణం ముందు కాపు కాసే పని బావమరిదికి వచ్చింది. ఇంజను తాత వచ్చాడు, తిట్టాల్సిన నాలుగూ తిట్టాడు, సంచి పడేశాడు. బావమరిది బూట్లు బయటకు తీసి నివ్వెరపోయాడు. అడుగునా పక్కలా ఎర్రటి బురద మందంగా మెత్తి ఉంది.

"తాతగారూ, సరస్సు ఒడ్డంతా గులకరాళ్ళేగా. ఈ బురద ఎక్కడిది?"

తాత లోపలికి తొంగి చూశాడు. బావ వెనక గదిలో ఉన్నాడని రూఢి చేసుకుని, బావమరిది భుజం పట్టి దగ్గరికి లాక్కున్నాడు.

"మా పెరట్లో కుళాయి కిందిది."

"మీరే పూశారా?"

"మరేం చెయ్యను? ఓ వారం శుభ్రంగా తుడిచి తీసుకొచ్చాను. పాపం, మీ బావ మొహం ఇంతైపోయింది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, లాక్కోడానికి ఒక్క వంక దొరకలేదు. నా ఈగలకి దారం ఎక్కించుకుంటే వాడికదో తృప్తి. నాకు తెలీదనుకుంటున్నాడు, అనుకోనీ. ఈ వయసులో ఒకర్ని చిన్నబుచ్చడమెందుకు?" అని గొంతు ఇంకా తగ్గించాడు. "వాడితో అనకు."

బావమరిది ఆ బురద బూట్లు పైకెత్తాడు. తరవాత వెనక గదిలోకి వినబడేలా గట్టిగా అన్నాడు.

"ఛీ ఛీ, ఎంత మురికి తాతగారూ. మొత్తం జప్తు."

"దుర్మార్గుడా," అన్నాడు తాత సంతోషంగా, కర్ర ఊపుకుంటూ ఇంటిదారి పట్టాడు.